బంగారానికీ తుప్పు పడుతుంది: ఓ కెమికల్ ఇంజినీర్ వేసిన లెక్క

బంగారానికి తుప్పు పట్టదని చిన్నప్పట్నించీ వింటూనే ఉంటాం. అమ్మమ్మ మెళ్లో గొలుసు యాభై ఏళ్ల తర్వాత మనవరాలి మెళ్లోకి వచ్చినా అదే రంగు, అదే మెరుపు, ఇత్తడి గిన్నెకి చింతపండు పెట్టి తోమినట్టు తోమాల్సిన పనే లేదు. ఆ మాట నిజమే, ఉత్త గాలికి ఉత్త నీళ్లకి బంగారం లొంగదు. కానీ గనుల్లోంచి ఏటా వచ్చే బంగారంలో చాలా భాగం మన దాకా వస్తున్నది దానికి తుప్పు పట్టించబట్టే. ఇదేదో పోలిక కోసం అంటున్న మాట కాదు, ఇనప మేకు తుప్పు పట్టేటప్పుడు ఏం జరుగుతుందో సైనైడ్ నీళ్లల్లో పడ్డ బంగారం రేణువుకీ అదే జరుగుతుంది, రేణువు మీద ఒక పక్క లోహం కరుగుతూ ఎలక్ట్రాన్లు వదుల్తుంది, ఇంకో పక్క నీళ్లల్లో కరిగిన ఆక్సిజన్ వాటిని అందుకుంటుంది. ఈ సంగతిని పట్టుకుని ప్లాంటులో షిఫ్ట్ ఇంజినీర్‌కి పనికొచ్చే లెక్కగా మార్చినవాళ్లల్లో ముందు చెప్పుకోవాల్సిన పేరు ఫతీ హబాషీ. ఈజిప్టులో పుట్టి, కైరోలో కెమికల్ ఇంజినీరింగ్ చదివి, వియన్నాలో డాక్టరేట్ చేసి, అమెరికాలో మోంటానా రాష్ట్రంలోని బ్యూట్ అనే గని ఊళ్లో పాఠాలు చెప్పి, 1970 నుంచి కెనడాలోని క్యూబెక్‌లో లవాల్ యూనివర్సిటీ ప్రొఫెసర్‌గా చేసిన మనిషి.

ఆయన లెక్కలోకి వెళ్లే ముందు అసలు ఈ పని ఎంత తిక్క పనో చూడాలి. టన్ను రాయిలో ఒకటిన్నర రెండు గ్రాముల బంగారం ఉంటే చాలు, చాలాచోట్ల ఓపెన్ గని నడిచిపోతుంది. పది టన్నుల టిప్పర్ నిండా అలాంటి రాయి పోసుకొస్తే అందులో ఉండేది 15 గ్రాములు, మన లెక్కలో రెండు కాసులకి గ్రాము తక్కువ. పోనీ ఆ పదిహేను గ్రాములూ ఒక ముద్దగా ఉంటాయా అంటే అదీ లేదు, రాయంతా చల్లినట్టు మైక్రాన్ల సైజు (మైక్రానంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువులుగా ఉంటుంది, చాలావాటిని మైక్రోస్కోపు కింద వెతుక్కోవాల్సిందే. వాగులో ఇసక గాలించి బంగారం ఏరే పద్ధతి కాస్త బరువైన రేణువులకే పనికొస్తుంది, దానికన్నా సన్నటివి నీళ్లతో పాటే కొట్టుకుపోతాయి. పాదరసంతో పట్టే పద్ధతి ఇంకొంచెం నయం, కానీ రేణువు పైకి కనపడితేనే పాదరసం దానికి అంటుకుంటుంది, చుట్టూ గంధకం ఉన్న ఖనిజం పొర ఉంటే అదీ అంటదు. అందుకని రాయిని బాల్ మిల్లులో వేసి ముగ్గుపిండి కన్నా మెత్తగా, మామూలుగా 75 మైక్రాన్ల దాకా నూరి, నీళ్లు కలిపి గుజ్జు చేసి, ఆ గుజ్జులోంచి బంగారాన్ని ఒక్కదాన్నే కరిగించి లాగాలి. వెయ్యి కిలోల పిండిలో రెండు గ్రాముల్ని మాత్రం కరిగించాలి, మిగతాదాన్ని ముట్టుకోకూడదు! ఆక్వా రీజియా అనే గాఢ ఆమ్లాల మిశ్రమం బంగారాన్ని భేషుగ్గా కరిగిస్తుంది గానీ దాంతో పాటు రాయిలో ఉన్న సగం ఖనిజాల్ని కూడా తినేస్తుంది, టన్ను రాయికి అంత యాసిడ్ కొనాలంటే వచ్చే బంగారం ఏ మూలకీ సరిపోదు.

సైనైడ్ నీళ్లకి ఆ గుణం ఉంది. స్వీడన్ కెమిస్ట్ షీలే 1783లోనే ఈ సంగతి కనిపెట్టాడు, 1840 ప్రాంతంలో బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్టన్ కుటుంబం వాళ్లు ఇదే సైనైడ్ ద్రావణంతో గిల్టు పని మొదలెట్టారు, అంటే గిల్టు నగలకి పనికొచ్చిన రసాయనం గనికి అక్కరకొచ్చేసరికి ఇంకో యాభై ఏళ్లు పట్టింది. మధ్యలో 1846లో ఎల్స్‌నర్ అనే జర్మన్, బంగారం కరగాలంటే సైనైడ్ ఒక్కటే చాలదు ఆక్సిజన్ కూడా కావాలని తేల్చాడు. 1857లో ఫారడే చూపించింది ఇంకా చక్కగా ఉంటుంది. పల్చటి బంగారు రేకుని సైనైడ్ నీళ్ల మీద తేలేట్టు పెడితే, అంటే ఒక పక్క నీళ్లకి ఒక పక్క గాలికి తగిలేట్టు పెడితే, నిమిషాల్లో మాయమైపోయింది, అదే రేకుని నీళ్లల్లో పూర్తిగా ముంచితే గంటలకి గంటలు పట్టింది. అవే నీళ్లు, అదే విషం, అదే రేకు. తేడా అల్లా గాలి అందడమే.

ఆ తర్వాత 1887లో గ్లాస్గోలో జాన్ స్టువర్ట్ మెకార్థర్, ఇద్దరు డాక్టర్ అన్నదమ్ములు రాబర్ట్ ఫారెస్ట్, విలియం ఫారెస్ట్ కలిసి పేటెంట్ తీసుకున్నారు, 1889లో న్యూజిలాండ్‌లో కరంగహాకే దగ్గర క్రౌన్ గనిలో మొదటిసారి గని స్థాయిలో వాడారు, మరుసటేడు జోహానెస్‌బర్గ్ చేరింది. అక్కడ సరిగ్గా అవసరం పడిన టైములో చేరింది. పైపైన ఉన్న మెత్తబడిన రాయి అయిపోయి కింద పైరైట్ అనే ఇనప గంధక ఖనిజం ఉన్న గట్టి రాయి తగిలేసరికి పాదరసం పట్టు తప్పి గనుల షేర్లు పడిపోతున్నాయి, ఈ పద్ధతి రాగానే మూడొంతులు కూడా దక్కనిచోట తొంభై శాతం దాటి దక్కడం మొదలైంది. పేటెంట్ మీద కోర్టుల్లో పెద్ద గొడవే నడిచి చివరికి 1896లో అక్కడ కొట్టేశారు, అదో పెద్ద కథ, ఇప్పుడు మనకి అనవసరం.

ఇక్కడ ఒక చిత్రం గమనించాలి. 1890 నుంచి ప్రపంచమంతా టన్నుల కొద్దీ సైనైడ్ పోస్తూనే ఉంది, బంగారం వస్తూనే ఉంది, కానీ లోపల ఏం జరుగుతోందో మాత్రం చాలాకాలం గొడవే. పని జరిగిపోతున్నప్పుడు ఎందుకు జరుగుతోందని ఎవరడుగుతారు? అడగకపోతే వచ్చే నష్టం ఏంటంటే, కరగడం నెమ్మదించినప్పుడల్లా ప్లాంటులో చేసే పని ఒకటే, ఇంకొంచెం సైనైడ్ పొయ్యడం. కూరలో రుచి తగ్గితే ప్రతిసారీ ఉప్పే వేసినట్టు. 1896లో బోడ్లాండర్ ఈ రియాక్షన్ మధ్యలో హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుందని పట్టుకున్నాడు, తన సమీకరణం ప్రకారం ఎంత రావాలో అందులో 70 శాతం దాకా కొలిచి చూపించాడు కూడా. పెరాక్సైడ్ పుట్టిందంటే ఆక్సిజన్ అణువు రెండే ఎలక్ట్రాన్లు తీసుకుని సగంలో ఆగిందని అర్థం, ఈ ముక్క తర్వాత లెక్కలో చాలా పనికొస్తుంది. 1943లో బూన్‌స్ట్రా, ఇది లోహాలు తుప్పు పట్టే బాపతు వ్యవహారమేనని అన్నాడు. 1947లో థాంప్సన్ చేసిన ప్రయోగం చూస్తే ఇక అనుమానం ఉండదు, సైనైడ్ కలిపిన జెల్లీలో చిన్న బంగారు గుండు పెట్టి ఒక పక్క నించి గాలి పంపితే, గాలి తగిలే పక్క అలాగే ఉండి అవతలి పక్క అరిగింది. ఇనప గేటు కింద మట్టి కప్పిన చోటే, గాలి సరిగ్గా ఆడని చోటే ముందు తినేస్తుంది చూడండి, అచ్చం అదే.

హబాషీ వచ్చింది వీళ్లందరి తర్వాత. కాబట్టి తుప్పు సంగతి ఆయనే కనిపెట్టాడంటే అన్యాయం, 1954లో కొలంబియా యూనివర్సిటీలో కుడ్రిక్, కెలాగ్ చేసిన కొలతలు కూడా ఇదే దారిలోవే. ఆయన చేసిందేంటంటే, అప్పటిదాకా నలుగురైదుగురు నాలుగైదు రకాలుగా తీసిన అంకెలన్నిటినీ ఒక్కచోట పోగేసి, తుప్పు మెకానిజం నుంచే ఒక రేటు సమీకరణం కట్టి, ఆ సమీకరణంలో పాతవాళ్ల అంకెలు పెట్టి సరిపోతుందో లేదో చూశాడు. అది 1967లో మోంటానా గనులు, భూగర్భ శాస్త్ర బ్యూరో వాళ్ల 59వ నంబర్ బులెటిన్‌గా వచ్చింది. పెద్ద జర్నల్ కాదు, ఒక రాష్ట్ర గనుల ఆఫీసు వేసిన బులెటిన్, ఈ రోజుల్లో ప్రొఫెసర్లు ఇంపాక్ట్ ఫ్యాక్టర్ చూసుకుని మొహం తిప్పుకునే రకం, అయినా బంగారం కరిగించే సబ్జెక్టులో ఇన్నేళ్లుగా దాన్ని చెప్పుకుంటూనే ఉన్నారు.

ఆ లెక్క నిజానికి ఇంటర్ కెమిస్ట్రీ గుర్తున్నవాళ్లెవరైనా వెయ్యొచ్చు. ఒక ఆక్సిజన్ అణువు రెండు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది. బంగారం పరమాణువు ఒక్కో ఎలక్ట్రాన్ వదుల్తుంది కాబట్టి ఒక ఆక్సిజన్‌కి రెండు బంగారాలు. కరిగిన ఒక్కో బంగారాన్ని అటు ఇటు రెండు సైనైడ్లు పట్టుకుని మోసుకెళ్లాలి, పోలీసులు ముద్దాయిని తీసుకెళ్లినట్టు. అంటే ఒక ఆక్సిజన్‌కి నాలుగు సైనైడ్లు. ఇక్కడితో ఆగితే జవాబు 4 అయిపోతుంది, కానీ ఇవి రెండూ రేణువు దాకా నడిచి రావాలి కదా. ఎంత కలిపినా రేణువుని అంటిపెట్టుకుని కదలని నీటి పొర ఒకటి ఉంటుంది, ఆ పొర దాటడంలో ఆక్సిజన్ చురుకు, దాని వ్యాపన గుణకం 2.76 అయితే సైనైడ్‌ది 1.83, అంటే ఆక్సిజన్ ఒకటిన్నర రెట్లు తొందరగా వచ్చేస్తుంది. సైనైడ్ నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి అదే సంఖ్యలో చేరాలంటే ఒకటిన్నర రెట్లు ఎక్కువమంది బయల్దేరాలి. నాలుగుని ఒకటిన్నరతో గుణిస్తే 6. నీళ్లల్లో ఆక్సిజన్ ఎంత ఉందో దానికి అణువుల లెక్కలో ఆరు రెట్లు సైనైడ్ ఉంటే బంగారం గరిష్ట వేగంతో కరుగుతుంది, ఆ పైన ఎంత పోసినా దండగ. వేర్వేరు వాళ్లు అంతకు ముందు ప్రయోగాల్లో చూసిన నిష్పత్తులు 4.6 నుంచి 7.4 మధ్య ఉన్నాయి, రాయి పిండితో చేసే పనిలో ఇంత దగ్గరగా రావడమంటే చాలా గొప్పే.

ఇప్పుడు ఆ ఆరుని మామూలు నీళ్లకి పెట్టి చూద్దాం. 25 డిగ్రీల దగ్గర, గాలి బాగా ఆడుతున్న లీటరు నీళ్లల్లో కరిగేది 8.2 మిల్లీగ్రాముల ఆక్సిజన్, అంతే. దానికి సరిపోయే సోడియం సైనైడ్ లెక్కేస్తే లీటరుకి సుమారు 75 మిల్లీగ్రాములు. పదిహేను లీటర్ల బిందెడు నీళ్లకి గ్రాము పైన కాస్త, చిటికెడు ఉప్పంత. దాని తర్వాత ఇంకో గ్రాము, ఇంకో పది గ్రాములు వేసినా రేణువు దగ్గర పని పెరగదు, ఎందుకంటే అప్పుడు ఆలస్యం చేస్తున్నది సైనైడ్ కాదు, ఆక్సిజన్. హోటల్లో వడ్డించేవాళ్లు ఇరవై మందిని పెట్టి లోపల దోసెలు వేసేవాణ్ని ఒక్కణ్నే పెడితే టేబుల్ దగ్గర పని తెమలదు కదా. మరి ప్లాంట్లలో 75కి బదులు అంతకు కొన్ని రెట్లు ఎందుకు నడుపుతారంటే దానికి వేరే కారణం ఉంది, రాయిలో ఉన్న మిగతా ఖనిజాలు కూడా సైనైడ్ తింటాయి, అది కాసేపట్లో చూద్దాం.

ఇంకో రెండు విషయాలు ఈ తుప్పు లెక్కతో ఇట్టే అర్థమైపోతాయి. ఒకటి, వేడి. మామూలుగా రసాయన చర్య ఏదైనా వేడి చేస్తే దూసుకుపోతుంది, ఇక్కడ మాత్రం వేడి పెంచినా వేగం కొంచెం కొంచెంగానే పెరుగుతుంది, దాని ఆక్టివేషన్ ఎనర్జీ, అంటే చర్య జరగడానికి దాటాల్సిన శక్తి గట్టు, మోల్‌కి 2 నుంచి 5 కిలోకేలరీలే, అసలు ఆలస్యం కెమిస్ట్రీలో కాదు నడిచి రావడంలో ఉందని చెప్పే అంకె అది. పైగా నీళ్లు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గిపోతుంది, 85 డిగ్రీల దాకా పెరిగిన వేగం ఆ తర్వాత పడిపోతుంది. అందుకే బంగారం ప్లాంటులో గుజ్జుని వేడి చేసే తంటా ఎవరూ పడరు. రెండోది, గాలి. ప్లాంటుకెళ్తే రెండు మూడంతస్తుల ఎత్తు ట్యాంకులు వరసగా ఉంటాయి, లోపల పెద్ద రెక్కలు తిరుగుతుంటాయి, అడుగునించి గాలి బుడగలు లేస్తుంటాయి, గుజ్జు ఒక ట్యాంకులోంచి ఇంకో ట్యాంకులోకి పొంగుతూ ఒక రోజు, ఒకటిన్నర రోజు అక్కడే ఉంటుంది. గాలికి బదులు స్వచ్ఛమైన ఆక్సిజన్ పంపితే నీళ్లల్లో ఐదింతలు దాకా కరుగుతుంది, అప్పుడు సైనైడ్‌ని కూడా దానికి తగ్గట్టు పెంచితే ఉపయోగం ఉంటుంది, అందుకే చాలా ప్లాంట్లు పక్కనే ఆక్సిజన్ యూనిట్ పెట్టుకున్నాయి. ఆండీస్ కొండల మీద నాలుగు వేల మీటర్ల ఎత్తులో ఉండే గనుల్లో గాలే పల్చగా ఉంటుంది, నీళ్లల్లో కరిగే ఆక్సిజన్ కూడా తగ్గుతుంది, అక్కడ ఇది ఇంకా పెద్ద బాధ.

నగల పని చేసే వర్క్‌షాపుల్లో బాంబింగ్ అనే మాట వినే ఉంటారు, సైనైడ్‌కి పెరాక్సైడ్ తోడు చేసి నగ పైపొరని క్షణాల్లో కొరికించి మెరుపు తెప్పించే పని. ప్రాణాలతో చెలగాటమే అది. కానీ కెమిస్ట్రీ మాత్రం ఇదే, గాలి నుంచి నెమ్మదిగా రావాల్సిన ఆక్సీకరణ శక్తిని ఒక్కసారిగా పోసేయడం.

ఇక సైనైడ్ ఎక్కడికి పోతుందో చూద్దాం, అసలు డబ్బులు పోయేది ఇక్కడే. గ్రాము బంగారం కరగడానికి లెక్క ప్రకారం కావాల్సింది అర గ్రాము సోడియం సైనైడ్. టన్నుకి రెండు గ్రాములున్న రాయికి ఒక్క గ్రాము చాలాలి. నిజంగా ప్లాంట్లలో టన్ను రాయికి ఖర్చయ్యేది వందల గ్రాములు, రాయి బాగా చెడ్డదైతే కిలో దాటుతుంది. అంటే పోసిన సైనైడ్‌లో బంగారం కోసం పోయేది ఒక శాతం లోపే, మిగతా తొంభై తొమ్మిది పాళ్లు వేరేవాళ్లు మెక్కేస్తున్నారు. రాగి ఖనిజాలు మహా తిండిపోతులు, ఒక్కో రాగి పరమాణువు మూడేసి సైనైడ్ల దాకా పట్టుకుపోతుంది. పిర్రొటైట్ అనే ఇనప గంధక ఖనిజం ఉంటే అది సైనైడ్‌నీ తింటుంది, ఆక్సిజన్‌నీ తింటుంది, అలాంటి గుజ్జుకి సైనైడ్ పొయ్యకముందే కొన్ని గంటలు ఊరికే గాలి కొట్టి దాని ఆకలి తీర్చాల్సి వస్తుంది. గంధకం అయాన్లు కొద్దిపాటిగా ఉన్నా బంగారం కరగడం మందగిస్తుంది, అప్పుడు సీసం లవణం చిటికెడు వేస్తే గంధకాన్ని అది పట్టేసుకుని దారి క్లియర్ చేస్తుంది, అదే సీసం మోతాదు మించితే తనే అడ్డంకి అవుతుంది. సున్నం సంగతీ అంతే. పీహెచ్ 10, 10.5 దగ్గర ఉంచకపోతే సైనైడ్ కాస్తా హైడ్రోజన్ సైనైడ్ వాయువుగా పైకి లేస్తుంది, దాని ముందు నిలబడ్డవాడి ప్రాణానికే ముప్పు, కాబట్టి సున్నం తప్పదు, కానీ మరీ ఎక్కువైతే కాల్షియం పెరాక్సైడ్ పొర బంగారం మీద పేరుకుని కరగనివ్వదు. ఈ చిన్న చిన్న బెడదలన్నీ ఆ రోజుల్లో మిల్లు మేస్త్రీల నోటి లెక్కలే, కారణాలు వెతికి ఒక తాటి మీదికి తెచ్చింది హబాషీలాంటివాళ్లు.

కరిగిన బంగారాన్ని మళ్లీ లాగడంలో మనకి బాగా తెలిసిన వస్తువొకటి పనిచేస్తుంది, కొబ్బరి చిప్ప. చిప్పల్ని కాల్చి, ఆవిరి పట్టించి తయారు చేసిన గట్టి బొగ్గు గుళికల్ని ట్యాంకుల్లో వేస్తే బంగారం సైనైడ్‌తో సహా వాటికి అంటుకుంటుంది, జల్లెడతో బొగ్గు ఏరేసి, వేడి క్షార ద్రావణంతో బంగారాన్ని కడిగి, కరెంటుతో స్టీల్ ఉన్ని మీదకి ఎక్కించి, చివర్లో వెలిగారం వేసి కొలిమిలో కరిగించి కడ్డీ పోస్తారు. మన కంసాలి ముక్కుపుడక అతికేటప్పుడు వాడే వెలిగారమే, మోతాదే తేడా. ఈ బొగ్గు పద్ధతి అమెరికాలో సౌత్ డకోటాలోని హోమ్‌స్టేక్ గనిలో 1973లో పెద్ద ఎత్తున నడిచాకే మిగతా ప్రపంచం నమ్మింది, అంతకు ముందు జింకు పొడితో దించేవాళ్లు. కొబ్బరి చిప్పే ఎందుకంటే గుజ్జులో రోజుల తరబడి రాళ్లపిండితో రాసుకున్నా నలిగిపోదు, మెత్తటి చెక్క బొగ్గు అయితే పొడై బంగారంతో సహా బయటికి పోతుంది.

ఇదే బొగ్గు కొన్ని గనుల్లో దొంగ అవుతుంది. నెవాడాలో కార్లిన్ ప్రాంతపు రాయిలో సహజంగానే కర్బన పదార్థం ఉంటుంది, ట్యాంకులో ఇలా కరిగిన బంగారాన్ని అది అలా పట్టేసుకుని రాయితో పాటు చెత్తలోకి పోతుంది. ఇంకొన్ని గనుల్లో బంగారం పైరైట్, పాషాణం కలిసిన ఆర్సెనోపైరైట్ స్ఫటికాల లోపల ఎంత సన్నగా ఇరుక్కుని ఉంటుందంటే ఎంత నూరినా బయటపడదు. ఇక్కడ హబాషీ సమీకరణం చేతులెత్తేస్తుంది, ఎందుకంటే అది నీళ్లకి తగిలే బంగారం గురించి చెప్తుంది, నీళ్లే తగలకపోతే ఆరు నిష్పత్తి ఉంటే ఎంత, అరవై ఉంటే ఎంత. అప్పుడు ముందు ఆ గూడు బద్దలు కొట్టాలి. పూర్వం నుంచీ ఉన్న దారి కాల్చడం, కానీ గంధకం పొగ, పాషాణం పొగ ఊరి మీద పడతాయి. ఇంకోటి ప్రెషర్ కుక్కర్ లాంటిదే గానీ బస్సంత పొడుగున్న ఆటోక్లేవ్, ఆక్సిజన్ పంపి రెండొందల డిగ్రీల దగ్గర గంధక ఖనిజాన్ని లోపలే ఆక్సీకరించేస్తుంది, బంగారం కోసం దాన్ని మొదట వాడింది 1985లో కాలిఫోర్నియాలోని మెక్‌లాఫ్లిన్ గనిలో. మూడోది బాక్టీరియా, ఇనుమూ గంధకమూ తిని బతికే సూక్ష్మజీవుల్ని ట్యాంకుల్లో పెంచి వాటితో పైరైట్‌ని తినిపించడం, ఇది 1986లో దక్షిణాఫ్రికా ఫెయిర్‌వ్యూ గనిలో మొదలైంది. మూడిట్లోనూ ఖర్చు బంగారం కరిగించడానికి కాదు, గోడ పగలగొట్టడానికే. గని పెట్టేముందు ఇన్వెస్టర్లకి టన్నుకి ఎన్ని గ్రాములో గొప్పగా చెప్తారు, ఆ గ్రాములు నీళ్లకి తగుల్తాయా లేదా అన్నది మాత్రం రిపోర్టు లోపలెక్కడో ఉంటుంది, నిజానికి ముందు అడగాల్సింది అదే.

విషం సంగతి మాట్లాడకుండా ఇది పూర్తవ్వదు. 2000 జనవరి 30 రాత్రి రొమేనియాలో బాయా మారే దగ్గర పాత గని చెత్తలోంచి బంగారం తీసే ప్లాంటు చెరువు కట్ట తెగింది, లక్ష ఘనపు మీటర్ల నీళ్లు, దాంతో పాటు సుమారు వంద టన్నుల సైనైడ్, సొమేష్ నదిలోంచి టీసా, టీసాలోంచి డాన్యూబ్, హంగరీ, సెర్బియా దాకా చేపలు తెల్లగా తేలాయి. దాని తర్వాతే సైనైడ్ వాడే గనులకి అంతర్జాతీయ కోడ్ ఒకటొచ్చింది. ఎండకీ గాలికీ సైనైడ్ నెమ్మదిగా విరిగిపోయేదే, ప్లాంటు చివర్లో గంధక డయాక్సైడ్, గాలి, కొంచెం రాగి కలిపి దాన్ని విరగ్గొట్టే పద్ధతి కూడా ఉంది, కాబట్టి ప్రమాదం రసాయనం గుణంలో ఎంతుందో కట్ట కట్టినవాడి పనిలో కూడా అంతుంది.

ప్రత్యామ్నాయాల గురించి ప్రతి రెండేళ్లకోసారి ఇక సైనైడ్ పని అయిపోయిందని వార్తలొస్తుంటాయి. కొన్ని నిజంగా గట్టివే. నెవాడాలో బ్యారిక్ కంపెనీ గోల్డ్‌స్ట్రైక్ గనిలో దొంగ బొగ్గు ఉన్న రాయికి 2014లో సైనైడ్‌కి బదులు థయోసల్ఫేట్ అనే రసాయనం వాడకం మొదలెట్టింది, ఎందుకంటే థయోసల్ఫేట్‌తో ఉన్న బంగారాన్ని ఆ బొగ్గు పట్టుకోలేదు, అదే కారణంతో కొబ్బరి బొగ్గు కూడా పట్టుకోలేదు కాబట్టి రెసిన్ వాడాలి. ఆస్ట్రేలియాలో కర్టిన్ యూనివర్సిటీలో జాక్ ఎక్స్‌టీన్, ఎల్సయ్యద్ ఒరాబీ గ్లైసిన్ మీద చాలా పని చేశారు, గ్లైసిన్ అంటే మన ప్రొటీన్లలో ఉండే అతి చిన్న అమైనో ఆసిడ్, తింటే చచ్చిపోయేది కాదు. ఒంటరిగా అది బంగారాన్ని నెమ్మదిగా కరిగిస్తుంది, కొద్దిగా సైనైడ్ తోడిస్తే రాగిని గ్లైసిన్ చూసుకుంటుంది, సైనైడ్ బంగారానికి మిగుల్తుంది, ఖర్చు బాగా తగ్గుతుంది. గమనిస్తే వీటన్నిటిలోనూ పాత లెక్కే నడుస్తోంది, ఒకరు బంగారాన్ని పట్టుకోవాలి, ఇంకొకరు ఎలక్ట్రాన్ తీసుకోవాలి, ఇద్దరిలో ఎవరు ఆలస్యంగా వస్తే వాళ్లదే వేగం. పట్టుకునేవాడి పేరు మారినంత మాత్రాన ఆక్సిజన్ గొడవ తీరదు.

మన వైపు సంగతికొస్తే, కర్ణాటకలోని హట్టి గని కంపెనీ 1947లో నిజాం రాజ్యంలో హైదరాబాద్ గోల్డ్ మైన్స్ పేరుతో మొదలైందే, ఇప్పటికీ దేశంలో ఎక్కువ బంగారం తీస్తున్నది అదే. చిత్తూరు జిల్లా కుప్పం దగ్గర చిగురుగుంట, బిసానత్తం, అనంతపురం వైపు రామగిరి గనులు భారత్ గోల్డ్ మైన్స్ చేతిలో నడిచి మూతపడ్డాయి. కర్నూలు జిల్లా జొన్నగిరిలో తొలకరి పడగానే జనం చేలల్లో వజ్రాల కోసం వెతుకుతారని పేపర్లలో ఏటా వస్తుంది, అదే ఊరి దగ్గర ఇప్పుడు ప్రైవేటు కంపెనీ బంగారు గని ఉంది.

అన్నిటికన్నా ఆసక్తిగా ఉండేది కేజీఎఫ్, అంటే కర్ణాటకలోని కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. మన సరిహద్దు దాటగానే ఉండే ఆ ఊళ్లో తమిళం, తెలుగు, కన్నడం మూడూ వినపడతాయి, గని 3 కిలోమీటర్లకి పైన లోతుకి దిగి, నూట ఇరవై ఏళ్లల్లో 800 టన్నుల దాకా బంగారం ఇచ్చి 2001 ఫిబ్రవరి 28న మూతపడింది. మిగిలింది ఊరి నడుమ తెల్లటి గుట్టలు, జనం సైనైడ్ దిబ్బలంటారు, గాలి లేస్తే ఆ సన్నటి పొడి ఇళ్లల్లోకి వస్తుంది. పదమూడు దిబ్బలు, మూడు కోట్ల టన్నులకి పైన పిండి, అందులో ఇంకా 23 టన్నుల బంగారం ఉందని అంచనా, 2024లో కర్ణాటక కేబినెట్ వాటిని మళ్లీ తవ్వడానికి ఒప్పుకుంది. భాగిస్తే టన్నుకి 0.7 గ్రాములు. తవ్వే ఖర్చు లేదు, నూరే ఖర్చు చాలావరకు వాళ్ల తాతలే పెట్టేశారు, కాబట్టి 0.7 అయినా గిట్టొచ్చు అని లెక్క. కానీ ఆ బంగారం ఒకసారి సైనైడ్ ట్యాంకు చూసి వచ్చినదే కదా, అప్పుడెందుకు కరగలేదు? రేణువు పెద్దదై టైము చాలక మిగిలిందా, అప్పటి మిల్లు సరిగ్గా నూరక రాయిలో ఉండిపోయిందా, గాలి చాలలేదా, ఆర్సెనోపైరైట్ గూట్లో ఉందా? మొదటి మూడైతే మళ్లీ నూరి, గాలి బాగా కొడితే వస్తుంది, నాలుగోదైతే ఈ ఖర్చుకి రాదు. దాన్ని తేల్చే పరీక్ష ఏ హైటెక్కూ కాదు. దిబ్బ మీద పైనించి కిందదాకా డ్రిల్లు వేసి, అడుగడుక్కీ పిండి తీసి, కిలో చొప్పున మూతున్న సీసాల్లో పోసి, నీళ్లు, సున్నం, సైనైడ్ కలిపి, రోలర్ల మీద పడుకోబెట్టి తిప్పుతారు. రెండు గంటలకి, ఆరు గంటలకి, ఇరవై నాలుగింటికి, నలభై ఎనిమిదింటికి ఆపి కొంచెం నీళ్లు తీసి బంగారం ఎంత దిగిందో, సైనైడ్ ఎంత మిగిలిందో, ఆక్సిజన్ ఎంత ఉందో రాసుకుంటారు. ఒక్కో దిబ్బ ఒక్కో కాలంలో ఒక్కో రాయి నుంచి పోసినది కాబట్టి ఒక సీసా జవాబు పక్క దిబ్బకి పనికిరాదు, పదమూడింటికీ విడివిడిగా తిప్పాల్సిందే.